వేలిముద్ర పడని చేతులు

వేదపాఠము: అపొస్తలుల కార్యములు 6:1–7



ఆదిసంఘములో మొదట పుట్టిన సణుగు దేనిని గూర్చినదో జ్ఞాపకమున్నదా? అది సిద్ధాంతమును గూర్చినది కాదు, బాప్తిస్మమును గూర్చినది కాదు. అన్నమును గూర్చినది. యెరూషలేములో శిష్యులు విస్తరించిన దినములలో దిక్కులేని విధవరాండ్రకు ప్రతి దినము ఆహారము పంచిపెట్టు ఏర్పాటు ఒకటి నడుచుచుండెను. ఆ పంపకములో గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రు మాత్రము తప్పిపోవుచుండిరి. వారికి పెట్టకూడదని ఎవరైనను తీర్మానించినట్లు లూకా వ్రాయలేదు. ఎవరైనను దొంగిలించినట్లును వ్రాయలేదు. ఏర్పాటు మంచిదే, పంచువారును మంచివారే, అయినను కొందరి గిన్నెలు ఖాళీగా ఇంటికి పోవుచుండెను. భాష వేరు, పంచువారికి వారి ముఖములు తెలియవు. కారణము అంతకంటె పెద్దది కాకపోవచ్చును.

అపొస్తలులు ఆ సణుగు విని ఏమి చేసిరో చూడుడి. "మా పట్టీ సరిగానే యున్నది, మీ పేరు అందులో లేకపోతే మేమేమి చేయుదుము" అని వారు పలుకలేదు. పంపకమును మానివేయనులేదు. శిష్యులనందరిని పిలిచి, మంచిపేరు గల ఏడుగురు మనుష్యులను ఏర్పరచుకొనుమని చెప్పిరి. ఆ ఏడుగురి పేర్లు చదువునప్పుడు మనము సాధారణముగా గబగబ చదివి దాటిపోవుదుము. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నికొలాసు. ఇవన్నియు గ్రీకు పేర్లు! ఎవరి ముసలమ్మలు ఆకలితో తిరిగిపోవుచుండిరో, వారి పక్షమువారి చేతికే గరిటె ఇచ్చిరి. ఇది చిన్న సంగతి కాదు. మరియొక సంగతి. వేదపాఠశాలలో మేము నేర్చుకొన్న కొద్దిపాటి గ్రీకులో మాకిప్పటికిని మరువరానిది ఇదే: అన్నము పంచు పనికిని, వాక్యము ప్రకటించు పనికిని లూకా ఈ అధ్యాయములో ఒకే మాట వాడెను. రెండును పరిచర్యయే. వడ్డించు పని తక్కువదని అపొస్తలులు తలంచి దానిని వేరొకరికి తోసివేసిరని కొందరు చెప్పుదురు గాని, ఆ మాటకు ఈ వచనములలో ఆధారము లేదు.

ఈ పాఠమును ఈ నెల ఎత్తుకొనుటకు హేతువు కలదు. మన పల్లెలలో కూడ అనుదిన పంపకమొకటి జరుగుచున్నది. ఇప్పుడు దాని యొద్ద గరిటె పట్టుకొని కూర్చున్నది యంత్రము.

యంత్రములకు మేము విరోధులము కాము. అట్లని ఎవరును అనుకొనవద్దు. వేంపల్లె బజారులో టమాటా గంప ముందు కూర్చున్న అక్క యొద్ద కూడ నేడు చిన్న డబ్బా ఒకటి ఉండి, ఎవరైన ఫోనుతో డబ్బు కొట్టగానే ఎన్ని రూపాయలు వచ్చెనో గట్టిగా చెప్పుచున్నది. ఆమెకు చదువు రాదు గాని చెవులున్నవి. అది ఆమెకు మేలే. 2016లో ఆ యు.పి.ఐ. ఏర్పాటు మొదలైనప్పుడు, ఇది పాపాఘ్ని యొడ్డున కూరగాయలమ్ము వారి దాక వచ్చునని మనలో ఎవరు తలంచిరి? 2025 జనవరి 30న మన రాష్ట్ర ప్రభుత్వము వాట్సాప్ ద్వారానే 161 సేవలు ఇచ్చు ఏర్పాటు ప్రారంభించెను. ఒక సర్టిఫికెట్టు కొరకు మూడు దినముల కూలి పోగొట్టుకొని ఆఫీసు అరుగు మీద కూర్చున్న వారికి ఇది ఎంత ఉపశమనమో వేరే చెప్పనక్కరలేదు. మన మండలములోనే, ఇడుపులపాయలో, 2008లో ట్రిపుల్ ఐటి స్థాపింపబడెను. పదవ తరగతి ముగించిన పల్లె పిల్లలను చేర్చుకొని ఆరు సంవత్సరములు చదివించి ఇంజనీర్లను చేయుచున్నారు. ఆ విశ్వవిద్యాలయమునకు మొదటి కులపతిగా ఉండిన రాజ్ రెడ్డిగారు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టినవారు. మనుష్యుని మాటను యంత్రము గ్రహించునట్లు చేయుటలో జీవితమంతయు గడిపి, 1994లో కంప్యూటరు శాస్త్రమునకు గొప్పదిగా ఎంచబడు ట్యూరింగ్ బహుమానము పొందిరి. కాగా ఈ విద్య మనకు పరాయిది కాదు. మన నేలలోనే మొలిచినది.

స్టోరు సంగతికి వత్తము. 2015లో మన రాష్ట్రమందలి చౌక దుకాణములలో వేలిముద్ర యంత్రములు పెట్టిరి. అంతకు ముందు ఎట్లుండెనో పెద్దలకు తెలియును. చచ్చిపోయిన వారి కార్డు మీద బియ్యము పోవుచుండెను. వలసపోయిన వాని పేరున చక్కెర తూచుచుండిరి. "ఈ నెల మాలు రాలేదు పో" అన్న మాటకు ఎదురు చెప్పు వాడు లేకుండెను. యంత్రము వచ్చిన తరువాత ఆ దొంగవ్రాతలు చాలవరకు కట్టుపడినవి. 2019 ఆగస్టులో ఆంధ్ర తెలంగాణముల మధ్య ఏ కార్డు ఎక్కడనైనను చెల్లు ఏర్పాటు మొదలయ్యెను. అప్పటినుండి హైదరాబాదులో ఇటుక మోయు మన పిల్లలు అక్కడనే బియ్యము తెచ్చుకొనగలిగిరి. మేలును మేలని చెప్పుట క్రైస్తవుని ధర్మము.

అయితే మా సంఘములో ఒక అవ్వ కలదు. ఆమె పేరు ఇక్కడ వ్రాయము. పదేండ్ల పిల్లగా ఉన్నప్పటినుండి శెనక్కాయలు పెరికి, వొలిచి, కలుపు తీసి, సున్నము కలిపి, ఊరివారి అంట్లు బూడిదతో తోమి బ్రదికిన చేతులు. స్టోరు యొద్ద ఆమె బొటనవ్రేలు పెట్టెను. యంత్రము కాదనెను. చూపుడువ్రేలు పెట్టెను. కాదనెను. కొంగుతో తుడిచి, తలకు రాచుకొను నూనె కొంచెము పూసి, మరల పెట్టెను. వెనుక వరుసలో నిలుచున్నవారు విసుగుకొనిరి. "రేపు రా అవ్వా" అనిరి. మరునాడు సిగ్నలు లేదు. మూడవనాడు మరల వ్రేలు పడలేదు. ఆమె మా ఇంటి వాకిట కూర్చుండి అమ్మగారితో అన్న మాట ఇది: "నా యేలు నాది గాదంట తల్లీ. దేవుడిచ్చిన యేలు. యా యేలు తెచ్చేది నేను?"

దీని మర్మము కొంచెము తెలిసికొందము. మన వ్రేలి కొనల మీద సన్నని గట్లు ఉండును, దున్నిన సేద్యపు సాళ్లవలె. ఆ గట్లు ఎక్కడ ఆగిపోవునో, ఎక్కడ రెండుగా చీలునో యంత్రము ఆ చోట్లను గుర్తు పెట్టుకొని, ఆధార్ తీసిన దినమున పట్టుకొన్న గుర్తులతో పోల్చును. నూరు మైళ్ల దూరమున ఉన్న లెక్కల యింటికి తీగలేకుండ అడిగి, ఔనని గాని కాదని గాని తెచ్చును. సిగ్నలు లేనియెడల అడుగనే లేదు. మట్టిలోను సున్నములోను పనిచేయు వారికి ఆ గట్లు అరిగిపోవును. వయస్సు మీరినకొలది చర్మము పలుచనై, ఎండి, పగిలిపోవును. కాబట్టి యంత్రము కాదనునది సోమరిని కాదు. ఎక్కువ పాటుపడిన వారినే అది ఎక్కువగా కాదనుచున్నది. బల్ల ముందు కూర్చుండి కలముతో వ్రాయు మా వంటివారి వ్రేలు ఒక్కసారికే పడును!

ఇంకొక వింత వినుడి. 2018లో తెలంగాణములో ఒకడు భూముల రిజిస్ట్రేషను కాగితముల మీది వేలిముద్రలను తీసి, రబ్బరుతో అచ్చులు చేసి, వాటితో ఫోను సిమ్ములు తెరిపించి పోలీసులకు పట్టుబడెను. దొంగ చేసిన రబ్బరు వ్రేలును యంత్రము నమ్మెను. పాటుపడిన తల్లి సొంత వ్రేలిని నమ్మలేదు.

పునరుత్థానుడైన ప్రభువు శిష్యుల మధ్య నిలిచినప్పుడు తాను ఎవడో ఎట్లు కనుపరచుకొనెను? యోహాను 20వ అధ్యాయము చదువుడి. చేతులు చూపెను. ఆ చేతులకు గాయములుండెను. గాయములున్న చేతులు కాబట్టియే తోమా ఆయనను ఎరిగెను. యెషయా 49వ అధ్యాయములో సీయోను తన్ను దేవుడు మరచెనని యేడ్చినప్పుడు, ఆమెను తన అరచేతులమీదనే చెక్కుకొంటినని ఆయన సెలవిచ్చెను. మన వ్రేళ్లమీది గీతలు అరిగిపోవచ్చును గాని ఆయన చేతిలోని చెక్కడము అరుగునది కాదు. ఈ మాట మేము ఆ అవ్వకు చెప్పితిమి. ఆమె ఆదరణ పొందెను. అయితే బియ్యము లేకుండ ఈ మాట మాత్రమే చెప్పి పంపివేసినయెడల, యాకోబు తన పత్రికలో గద్దించినది మనలనే యగును. చలికి వణకుచున్న వానితో వెచ్చగా ఉండుమని చెప్పి పంపిన వారిని గూర్చి అతడు వ్రాసెను గదా.

నేటి కాలములో అన్నిటికిని వినబడుచున్న మాట "సులువు" అనునది. ఒక నంబరు, ఒక వ్రేలు, ఒక నొక్కు, అంతా సులువు. మనము అడుగవలసినది, ఎవరికి సులువు అని. బావి యొద్ద గిలక పెట్టినప్పుడు చేదువాని చేతికి భారము తగ్గెను. అది ఎవరి నెత్తినను పడలేదు. కాని కొన్ని సులువులు అట్టివి కావు. లెక్క వ్రాయు వానికి సులువైనది, దుకాణము నడుపువానికి సులువైనది, పట్టణములో కూర్చుండి పట్టీ చూచు అధికారికి మరి సులువైనది. ఆ ముగ్గురి మీదనుండి దిగిన బరువు ఎక్కడికి పోయెను? మూడు దినములు ఎండలో నిలిచిన అవ్వ నెత్తిమీదికి పోయెను.

లేఖనములలో చెప్పబడిన సరళత వేరు. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 11వ అధ్యాయములో పౌలు క్రీస్తునందలి సరళతను గూర్చి భయపడుచు వ్రాసెను. వారి మనస్సులు దానినుండి చెదరిపోవునేమో అని. అది పని తగ్గుట కాదు. మనస్సు రెండుగా చీలకుండుట. యెరూషలేములోని తొలి విశ్వాసులు ఇంటింట కలిసి తినినది కల్మషము లేని మనస్సుతో అని లూకా చెప్పెను. ఆ సరళతకు పని ఎక్కువ. ఎవరు తినలేదో చూడవలెను, లేచి వెళ్లి పిలుచుకొని రావలెను.

"అయ్యగారూ, అట్లయితే యంత్రము వద్దనుచున్నారా?" అని మా సంఘములోని ఒక చదువుకొన్న పిల్లవాడు అడిగెను. వద్దనుట లేదు. దీనికి మన దేశములోనే సాక్ష్యము కలదు. 2006లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరువు పని కూలికిని పింఛనులకును వేలిముద్ర గల స్మార్టు కార్డుల ఏర్పాటు మొదలుపెట్టెను. కొందరు పండితులు 8 జిల్లాలలో 157 మండలములను తీసికొని పరీక్షించి, 2016లో తమ ఫలితములను ప్రకటించిరి. కూలి త్వరగా చేరెను. దారిలో మ్రింగబడు సొమ్ము తగ్గెను. అయితే గమనింపుడి: కార్డు లేనివారికి పాత పద్ధతిన ఇచ్చుట మానలేదు. యంత్రము ఒక వాకిలి. దాని ప్రక్కన మరియొక వాకిలి తెరిచియే యుండెను. తరువాత ఝార్ఖండు రాష్ట్రములో బియ్యము పంపకమునకు ఆధార్‌ను తప్పనిసరి చేసి, రెండవ వాకిలి మూసిరి. ఆ పండితులలోని కొందరే అక్కడను పరీక్షించిరి. న్యాయముగా రావలసిన వారిలో కొందరికి బియ్యము పోయెనని కనుగొనిరి. యంత్రము అదే జాతిది. వాకిలి మాత్రము తేడా.

సర్వోన్నత న్యాయస్థానము 2018 సెప్టెంబరు 26న ఆధార్ చట్టమును గూర్చి తీర్పు చెప్పినప్పుడు, ఐదుగురిలో నలుగురు న్యాయమూర్తులు దానిని నిలిపిరి. అయితే వేలిముద్ర సరిపోలలేదను కారణమున అర్హులైన వారికి మేలు పోరాదను సంగతిని కూడ తీర్పులో ఎత్తి చెప్పిరి. కాబట్టి "వ్రేలు పడలేదు, పో" అనిన యెడల తలవంచుకొని తిరిగి రానక్కరలేదు. వేరొక మార్గము చూపుమని వినయముతో అడుగవచ్చును. సణుగు పాపమని మనము తరచుగా బోధించుదుము. నిర్గమకాండములోని సణుగు పాపమే. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములోని సణుగును ఎవరును పాపమనలేదు. దానివలన ఏడుగురు పరిచారకులు లేచిరి.

మన సంఘమునకు సంబంధించిన రెండు సంగతులు చెప్పవలసియున్నవి. ఆరాధనలో కానుక సంచి ప్రక్కన స్కానరు కాగితము పెట్టుటను గూర్చి పెద్దల కూడికలో చాలసేపు మాటలాడుకొంటిమి. బెంగుళూరులో పనిచేయు పిల్లలు పంపుటకు వీలుగా నుండునని కొందరు. ఎవరు ఎంత వేసిరో ఫోనులో పేరుతో సహా కనబడునని కొందరు. మార్కు సువార్త 12వ అధ్యాయములో ప్రభువు కానుకపెట్టె యెదుట కూర్చుండి అందరు వేయునది చూచెను. విధవరాలు ఎంత వేసెనో ఆయన చూచెను గాని, అది పట్టీలో ఎక్కిన లెక్కకాదు. చివరకు కాగితము పెట్టుటకు ఒప్పుకొనిరి. సంచి తీయుటకు ఒప్పుకొనలేదు. పిడికెడు బియ్యము తెచ్చు తల్లులు మనలో ఇంకను ఉన్నారు. వంట వండునప్పుడెల్ల ఒక పిడికెడు తీసి ప్రభువునకని కుండలో వేయువారు. ఆ బియ్యమునకు స్కానరు లేదు. కోతకాల పండుగనాడు కోడిపుంజును ఫోనులో పంపువాడు ఎవడు?

రెండవది, వాట్సాప్ గుంపు. 2020 మార్చిలో దేశమంతయు మూసివేయబడినప్పుడు అది మనకు చాల తోడ్పడెను; గుడి తలుపులు మూసిన ఆ ఆదివారములలో ప్రార్థన ఫోనులోనే జరిగెను. ఇప్పుడును గృహప్రార్థన ఎవరి ఇంట అనునది, ఎవరు ప్రభువునందు నిద్రించిరి అనునది మొదట అందులోనే వచ్చుచున్నది. కాని మా సంఘములో ఫోను లేని ఇండ్లున్నవి; ఉన్నను మనుమడు పనికి తీసికొనిపోవు ఇండ్లున్నవి. అందుచేత గంట కొట్టుట మానకూడదని పెద్దలు తీర్మానించిరి. భూస్థాపన ఉన్నప్పుడు గంట మ్రోగును, ఒక మనిషి వీధిలో వెళ్లి చెప్పును. కొందరు యౌవనులకు ఇది పాతకాలపు పద్ధతిగా తోచెను. తోచనిండు.

వ్రేలు పడని వారికి ఉన్న మార్గములు చెప్పెదము. కంటిపాపను చూచు యంత్రము కొన్ని చోట్ల కలదు. ముఖమును చూచి పోల్చు పద్ధతియు వచ్చియున్నది. ఆధార్‌కు ఫోను నంబరు కలిపియున్నయెడల ఆ నంబరుకు అంకెలు కొన్ని వచ్చును, వాటిని చెప్పి తీసికొనవచ్చును. అయితే ఆ అంకెలను ఫోనులో అడుగు అపరిచితునికి ఎన్నటికిని చెప్పరాదు, వాడు బ్యాంకువాడనని ప్రమాణము చేసినను సరే. ఆధార్ కేంద్రమునకు పోయి వ్రేలిముద్రలను క్రొత్తగా ఇయ్యవచ్చును. పదింటిలో ఏ వ్రేలు బాగుగా పడునో తెలిసికొని దానినే వాడవచ్చును. 2025 జూన్ నుండి బండ్లు ఆగి, బియ్యము మరల దుకాణము యొద్దనే ఇచ్చుచున్నారు. 65 ఏండ్లు దాటిన వారికిని వికలాంగులకును ఇంటికే చేర్చవలెనని ప్రభుత్వము అప్పుడే చెప్పియున్నది. ఈ సంగతి తెలియక ఎండలో నిలుచు ముసలివారు మన మధ్య ఉండవచ్చును.

ఇవన్నియు కాగితము మీద సులువే. కాని ఆధార్ కేంద్రమునకు పోవుటకు ఆటో కావలెను, ఒక దినము కూలి పోవును, అక్కడ ఏమి అడుగవలెనో తెలియవలెను, కలిపిన నంబరు ఎవరిదో జ్ఞాపకముండవలెను. అవ్వకు కావలసినది మరియొక యంత్రము కాదు, ప్రక్కన నడుచు మనిషి. మా అవ్వ సంగతియు అట్లే తీరెను. పదవ తరగతి చదువుచున్న ఒక చిన్నది ఆమెతో వేంపల్లెకు వెళ్లి, వరుసలో రెండు గంటలు నిలిచి, ముద్రలు మార్పించెను. కుడిచేతి వ్రేళ్లు ఒక్కటియు పడలేదు. ఎడమచేతి ఉంగరపు వ్రేలు పడెను. ఆ వ్రేలికి ఇంటికి వచ్చుదారిలో ఆ చిన్నది దారము కట్టెను, మరచిపోకుండ.

కాబట్టి పెద్దలు ఇట్లు ఏర్పాటు చేసియున్నారు. ఏడుగురు దొరకలేదు, నలుగురు దొరికిరి. ముగ్గురు కూలియిండ్ల పిల్లలు, ఒకడు సెలవులకు వచ్చిన ట్రిపుల్ ఐటి విద్యార్థి. వారి తల్లులో అవ్వలో ఈ వరుసలలో నిలిచినవారే. అందుచేతనే వారిని ఎంచితిమి. ప్రతి నెల మొదటి ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత వారు గుడి అరుగుమీద కూర్చుందురు. రేషను గాని, పింఛను గాని, బ్యాంకు గాని నిలిచిపోయిన వారు ఆధార్ కార్డును, రేషను కార్డును, బ్యాంకు పుస్తకమును తెచ్చుకొనవలెను. క్రైస్తవులా కాదా అని ఎవరిని అడుగము. నడువలేని వారు గంట కొట్టు తాతతో చెప్పి పంపినయెడల పిల్లలే ఇంటికి వత్తురు. ఆటో చార్జీ నిమిత్తము పిడికెడు బియ్యము అమ్మగా వచ్చిన సొమ్ములో కొంత ప్రక్కకు పెట్టబడినది. దాని లెక్క స్త్రీల సమాజపు పుస్తకములో చూడవచ్చును.